జాయింటు మీద జాయింటు రాకూడదు

విజయవాడ సింగ్‌నగర్‌లో మా పిన్ని ఇంటికి వెళ్తే, వరండాలో కరెంటు మీటరు పక్కన మేకుకి ఒక పుస్తకం వేలాడుతూ కనిపిస్తుంది. కిరాణా కొట్లో ఖాతాలు రాసుకునే పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం. మూలన చిల్లు పొడిచి పురికొస కట్టారు. పురికొస చివర బాల్‌పెన్ను. ఇది నాలుగో పుస్తకం. నిండిపోయిన మూడూ మేడ మీది గదిలో, ఇనప్పెట్టెలో, ఇంటి దస్తావేజుల పక్కనే ఉన్నాయి.

పేజీకి ఒక మనిషి. పేజీకి ఆరు గడులు, స్కేలు పెట్టి గీసినవి. పేరూ పనీ. ఎవరు చెప్పారు. మొదట ఏ పని ఇచ్చాం. డబ్బు ఎప్పుడు ఇచ్చాం. పని ఎవరు చూశారు. మళ్లీ పిలవాలా.

పాత పుస్తకంలో ఒక ఎలక్ట్రీషియన్ పేజీ ఇలా ఉంది. ఎవరు చెప్పారు: వెనక వీధి నర్సు గారు. మొదటి పని: గుమ్మం దగ్గర స్విచ్చి మార్చడం. డబ్బు: ఆదివారం సాయంత్రం, 40 రూపాయలు. ఎవరు చూశారు: ఓవర్సీరు గారు, ఆదివారం. మళ్లీ పిలవాలా: పిలవాలి. ఆ మాట పక్కనే చిన్న అక్షరాల్లో, ‘ఎర్తు సరిగా లేదని అడక్కుండానే చెప్పాడు.’

చాలా ఏళ్లు నేను దీన్ని ఫోన్ నంబర్ల పుస్తకం అనుకున్నాను. ఒంటరిగా ఉండే మనిషి కదా, అవసరానికి నంబర్లు రాసి పెట్టుకుందనుకున్నాను. మంచి గోడకి ఎంత పనితనం కావాలో ఈ పుస్తకానికీ అంతే పట్టిందని నాకు ఆలస్యంగా తెలిసింది.

పిన్ని టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసింది. ట్రంకు కాల్ బుక్ చేసుకుని గంటల తరబడి జనం కాచుకునే రోజుల్లో చేరింది. బాబాయి 1991లో పోయాడు. పిల్లలు లేరు. మళ్లీ పుట్టింటికి రమ్మన్నారు, రాలేదు. 1994లో 150 గజాల స్థలం కొని రిజిస్ట్రేషన్ చేయించుకుంది. 1998లో ఇల్లు మొదలుపెట్టింది. స్థలం ఆవిడది, అప్పు ఆవిడది, జీతంలో కోత ఆవిడది. అయినా మొదటి కాంట్రాక్టరు ప్లాను కాగితం పట్టుకుని అడిగిన మొదటి మాట, “ఇంట్లో మాట్లాడే మగవాళ్లు ఎవరమ్మా?”

మా నాన్న ఆదివారాలు వెళ్లి నిలబడేవాడు. నాన్నకి ఇంటి పని ఏమీ తెలియదు. తెలియని ఆయనకి కాంట్రాక్టరు అన్నీ వివరంగా చెప్పేవాడు. డబ్బు ఇచ్చే పిన్నికి మాత్రం “మీకెందుకమ్మా, నేను చూసుకుంటాగా” అనేవాడు. పిన్ని డ్యూటీలో ఉన్న ఒక పగలు పునాది మీద బెల్టు కాంక్రీటు పోసేశారు. ఎన్ని బస్తాల సిమెంటు కలిపారో చూసినవాళ్లు లేరు. నెల తిరక్కుండా గోరుతో గీస్తే రాలింది. అడిగితే సమాధానం లేదు. ఆ పనికి డబ్బు మొత్తం అప్పటికే చేరిపోయింది.

దాన్ని పగలగొట్టి మళ్లీ కట్టడానికి వచ్చిన ముసలి తాపీ మేస్త్రి దగ్గర పిన్ని ఈ పుస్తకానికి మూలమైన మాట నేర్చుకుంది. మూడో వరస ఇటుక పేరుస్తూ ఆయన అన్నాడట. “ఇటుక మీద ఇటుక పెడితే గోడ అయిపోదమ్మా. కింది వరసలో జాయింటు ఎక్కడొచ్చిందో పై వరసలో ఆ చోట నిండు ఇటుక రావాలి. జాయింటు మీద జాయింటు వచ్చిందా, నిలువునా చీలుద్ది.”

తాపీ పనిలో ఇది మొదటి పాఠం. మేస్త్రి ఇటుకని సగానికో ముప్పావుకో కొట్టి వరస చివర పెట్టేది అందుకే. జాయింట్లు ఒకే గీతలో పడకుండా తప్పించడానికి. అలా తప్పిస్తే పైనుంచి దిగే బరువు ఒక గీత వెంట పోకుండా పక్క ఇటుకలకి పంచుకుంటూ దిగుతుంది. ఇటుక ఎంత బాగా కాలినా, సిమెంటు ఎంత మంచిదైనా, జాయింట్లు నిలువునా కలిస్తే ఆ గోడకి కట్టు ఉండదు.

పిన్ని ఆ రాత్రి కూర్చుని తనకి జరిగిన నష్టాన్ని ఆ మాటతో కొలిచి చూసుకుంది. సిమెంటు తెచ్చింది ఆ కాంట్రాక్టరే. కలిపింది అతనే. బాగుందని చెప్పింది అతనే. డబ్బు తీసుకుందీ అతనే. నాలుగు జాయింట్లూ ఒకే గీతలో పడ్డాయి. చీలకేం చేస్తుంది? మంచివాడు దొరకలేదని ఏడవడం కంటే, ఒకరి పని ఆగిన చోట ఇంకొకరి కన్ను నిండుగా ఉండేలా పేర్చుకోవాలని అప్పుడు అనుకుందట. మర్నాడు కొట్టుకి వెళ్లి ఎర్ర అట్ట పుస్తకం కొనుక్కొచ్చింది. ఐదో గడి, ‘పని ఎవరు చూశారు’ అన్నది, ఆ రాత్రి ఆలోచన లోంచే పుట్టింది.

ఆ గడిలో మొదట ఎక్కిన పేరు రెండు వీధుల అవతల ఉండే రిటైరైన ఓవర్సీరు గారిది. ఉద్యోగంలో ఉన్నంత కాలం వంతెనలూ కల్వర్టులూ చూసిన మనిషి. రిటైరయ్యాక ఆయన్ని ఏదీ చూడమని అడిగినవాళ్లు లేరు. పిన్ని వెళ్లి అడిగింది. శ్లాబుకి ముందు రోజు ఆయన వచ్చి సెంట్రింగు రేకుల మీద ఉక్కు కట్టడం చూశాడు. రాడ్లు రేకుని ఆనుకుని ఉన్నాయి. రాడ్డుకీ రేకుకీ మధ్య 20 మిల్లీమీటర్ల ఎడం ఉండాలని, లేకపోతే కాంక్రీటు రాడ్డు కిందికి చేరదని, కొన్నేళ్లకి గాలీ తేమా తగిలి ఉక్కు తుప్పు పట్టి ఉబ్బి శ్లాబు పెచ్చులుగా ఊడుతుందని చెప్పాడు. ఆ 20 మిల్లీమీటర్ల కోసం పిన్నీ ముసలి మేస్త్రీ కలిసి ముందే సిమెంటు బిళ్లలు పోసి ఉంచారు. బిస్కెట్టంత బిళ్లలు, మధ్యలో కట్టుతీగ. వాటిని బకెట్లో నానబెట్టి ఉంచారు. ఆ సాయంత్రం రాడ్ల కింద ఒక్కొక్కటే దూర్చి కట్టారు.

శ్లాబు రోజు పిన్ని సెలవు పెట్టి మిక్సరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. పెట్టిన షరతు ఒక్కటే, ఖాళీ అయిన ప్రతి సిమెంటు బస్తా తన చేతికి రావాలి. వచ్చినదాన్ని వచ్చినట్టు దులిపి మడత పెట్టి పక్కన పేర్చింది. సాయంత్రం ఓవర్సీరు గారు రాసిచ్చిన లెక్కా మడత బస్తాల లెక్కా సరిపోయాయి. ఎవరినీ ఒక మాట అనక్కర్లేకపోయింది. మర్నాటి నుంచి శ్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలిపారు. వారానికి తగ్గకూడదన్నారు, పిన్ని రెండు వారాలు నిలిపింది. డ్యూటీకి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మేడెక్కి నీళ్లు పెట్టేది. ఆ శ్లాబు కింద నేను ఎన్ని ఎండాకాలాలు పడుకున్నానో. ఇవాళ్టికీ ఒక్క పెచ్చు ఊడలేదు.

ఇల్లు కట్టడం నెలల పని. దాన్ని నిలుపుకోవడం బతుకంతా సాగే పని. సంపు లీకు, బాత్రూములో చెమ్మ, కాలిపోయే మోటారు, పక్కింటివాళ్లు జరిపిన హద్దురాయి, పెరిగిన ఇంటి పన్ను. భార్యాభర్తలున్న ఇంట్లో కూడా ఇవన్నీ వస్తాయి. ఒంటరి ఆడమనిషి ఇంట్లో వచ్చేది ఇంకొకటి ఉంది. మరమ్మతుకి వచ్చిన వ్యక్తి చెప్పినదానికి ఎదురు చెప్పే రెండో గొంతు ఆ గదిలో ఉండదు. “మొత్తం వైరింగు మార్చాలి” అంటే మార్చాలేమో. “పైపు లోపల పోయింది, గోడ పగలగొట్టాలి” అంటే పగలగొట్టాలేమో. పిన్ని పుస్తకం ఆ గదిలో రెండో గొంతుని తెచ్చి కూర్చోబెట్టింది. ప్లంబరు గోడకి గాడి కొట్టేముందు అది బీములోకి వెళ్తుందో లేదో ఓవర్సీరు చూస్తాడు. మోటారు కాలిందని మెకానిక్ అంటే, వోల్టేజీ చూసి చెప్పేది ఎలక్ట్రీషియన్. ఎలక్ట్రీషియన్ పెట్టిన ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో నెలకోసారి మీట నొక్కి చూసేది పిన్నే. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు దారి తప్పినా అది పడిపోవాలని అతనే నేర్పాడు. తన పనిని పరీక్షించడం తనే నేర్పిన మనిషి కాబట్టి అతని పేజీ పుస్తకంలో అంతకంతకూ నిండుతూ పోయింది.

ఇందులో పనివాళ్లని అనుమానించడం ఉందనుకుంటే పొరపాటు. రెండో కన్ను ఉందని తెలిసిన చోట మంచి పనివాడు హాయిగా పనిచేస్తాడు. తన మంచి పని చూసి మెచ్చుకోగల మనిషి దొరికినందుకు. పిన్ని పద్ధతిలో మూడు విషయాలు నన్ను ఆకట్టుకున్నాయి. మొదటిది, ఎవరికైనా తొలిసారి చిన్నపనే. స్విచ్చి, కుళాయి వాషరు, ఒక కిటికీ గడియ. శ్లాబుకి మనిషిని శ్లాబు రోజు వెతుక్కోకూడదంటుంది. రెండోది, పని చూసిన రోజే డబ్బు. “ఆలస్యంగా ఇచ్చిన డబ్బు తక్కువిచ్చిన డబ్బే” అంటుంది. మూడోది నాకు అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. ఆఖరి గడిలో ‘పిలవొద్దు’ అని రాసే ముందు ఆ మాట ఆ మనిషికే, ఎదురుగా, కారణంతో చెప్పాలి. చెప్పకుండా రాసినది పుస్తకంలో ఒక్కటీ లేదు. చెప్పించుకున్నవాళ్లలో ఇద్దరు తిరిగొచ్చి పని సరిదిద్దారు. ఆ రెండు పేజీల్లో ‘పిలవొద్దు’ కొట్టేసి ఉంది, పక్కన తేదీ వేసి ‘పిలవాలి’ అని ఉంది.

పుస్తకం వెనక పేజీలు కాగితాల మనుషులవి. డాక్యుమెంటు రైటరు, లాయరు, సర్వేయరు, బ్యాంకులో లోన్ల గుమస్తా. ఇక్కడా అదే కట్టు. డాక్యుమెంటు రైటరు రాసిన కొలతల్ని సర్వేయరు టేపుతో చూస్తాడు. అమ్మేవాడు చెప్పిన యాజమాన్యాన్ని ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్)తోనూ లింకు డాక్యుమెంట్లతోనూ లాయరు పోల్చి చూస్తాడు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటి పన్నులో, కరెంటు మీటరులో, కుళాయి కనెక్షనులో పేరు మారిందా లేదా అన్నది పిన్ని వరసగా టిక్కులు పెట్టుకుంటుంది. దస్తావేజులో ఒక పేరు, పన్ను రసీదులో ఇంకో పేరు ఉండిపోతే, ఆ సందులోంచే తగాదా దూరుతుంది.

లాయరమ్మ పేజీలో ఎర్ర సిరాతో గీత గీసిన మాట ఒకటుంది, ‘వీలునామా వెంటనే’. దాని వెనక ఉన్న చట్టం ఒంటరి స్త్రీలందరికీ తెలియాలి. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను స్త్రీ ఆస్తి మీద ఆమెకే సంపూర్ణ హక్కు ఇచ్చింది. బతికున్నంత కాలం ఆమె అమ్మవచ్చు, ఇవ్వవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. కానీ ఆమె వీలునామా రాయకుండా పోతే 15వ సెక్షను ముందుకొస్తుంది. భర్తా పిల్లలూ లేకపోతే ఆమె సంపాదించుకున్న ఆస్తి ముందు భర్త వారసులకి వెళ్తుంది. ఆ తర్వాతే ఆమెను కన్న తల్లిదండ్రులకి.

నారాయణీ దేవి కథ ఈ సెక్షనుకి నిలువెత్తు సాక్ష్యం. ఆమెకి 1955లో పెళ్లయింది. మూడు నెలల్లో భర్త పాము కాటుతో చనిపోయాడు. అత్తింటివాళ్లు ఆమెని వెళ్లగొట్టారు. పుట్టింటివాళ్లు చదివించారు, ఉద్యోగం చేసింది, సొంతంగా కూడబెట్టుకుంది. 1996లో వీలునామా లేకుండా పోయింది. ఆస్తి కోసం ఒకవైపు పుట్టింటివాళ్లు, ఇంకోవైపు ఎప్పుడో పోయిన భర్త తాలూకు వారసులు కోర్టుకెక్కారు. ఓంప్రకాశ్, రాధాచరణ్ కేసుగా అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2009లో భర్త తరఫు వారసులకే తీర్పు వచ్చింది. చట్టంలో ఉన్నది అదే కాబట్టి సానుభూతితో తీర్పు మార్చలేమన్నది కోర్టు మాట. ఒక కాగితం, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండి ఉంటే ఆమె కష్టార్జితం ఆమె కోరిన చోటికి వెళ్లేది. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు. పిన్ని అయినా రిజిస్టరు చేయించింది. సాక్షుల్ని కూడా పుస్తకం చూసే ఎంచుకుంది. ఇద్దరూ తనకంటే బాగా చిన్నవాళ్లు, ఊళ్లోనే ఉంటారు, ఆస్తిలో ఇద్దరికీ ఏమీ రాదు. సాక్షి రేపు వచ్చి చెప్పగలిగి ఉండాలి కదా అంటుంది.

ఇంతవరకూ ఇది ఒక మనిషి తెలివి. దీన్ని నలుగురి సొత్తు చేసింది వెనక వీధి నర్సు గారు. భర్తతో విడిపోయి, ఇద్దరు పిల్లలతో సొంత ఇంట్లో ఉంటుంది. ఒకసారి నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి సంపులో మోటారు ఆగిపోయింది. మెకానిక్ వస్తానన్నాడు. తను తప్ప పెద్దవాళ్లు లేని ఇంట్లోకి తెలియని మనిషిని పిలవడానికి మనసొప్పక పిన్నికి ఫోన్ చేసింది. పిన్ని మెకానిక్‌ని పంపి ఊరుకోలేదు, తనూ వెళ్లింది. పని అయ్యేదాకా కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. ఆ రోజు నుంచి అది నియమమైంది. ఎవరింట్లో పని జరిగినా ఇంకొక ఇంటి ఆడమనిషి వెళ్లి కూర్చోవాలి. వాళ్లు దీన్ని ‘తోడు’ అంటారు. “రేపు టైలరమ్మ ఇంట్లో పైపు పని, తోడు ఎవరు?” అని అడుగుతారు.

అలా పద్నాలుగు ఇళ్లయ్యాయి. పెళ్లి చేసుకోని రిటైర్డ్ టీచరు, భర్త వదిలేసిన టైలరు, కొడుకు అమెరికాలో ఉన్న పెద్దావిడ, ముప్పై ఏళ్లకే సొంత ఫ్లాటు కొనుక్కున్న బ్యాంకు అమ్మాయి. నెలకోసారి ఒకరింట్లో కలుస్తారు. కబుర్ల తర్వాత పుస్తకం తెరుస్తారు. నెలలో జరిగిన పనులు గడుల్లోకి ఎక్కుతాయి. ఒకరి నంబరు ఇంకొకరికి ఊరికే ఇవ్వకూడదని ఇంకో నియమం. ఇచ్చేవాళ్లు ఆ మనిషిని వెంటబెట్టుకుని వెళ్లి పరిచయం చెయ్యాలి. నాకిది చాదస్తం అనిపించేది. పిన్ని ఒకసారి చెప్పింది. “ఎక్స్‌ఛేంజీలో తాడు గుచ్చి లేచిపోకూడదమ్మాయ్. హలో అంటే అవతల హలో అన్నారా లేదా విని, అప్పుడు మనం పక్కకి తప్పుకోవాలి. అది కలపడం.”

ఈ నేర్పు దేశంలో ఇంకొన్ని చోట్ల పెద్ద ఎత్తున పండింది. రాజస్థాన్‌లో 2000 ప్రాంతంలో మొదలైన ఏకల్ నారీ శక్తి సంగఠన్‌లో వితంతువులూ, భర్త వదిలేసినవాళ్లూ, పెళ్లికానివాళ్లూ ఉన్నారు. ఒక సభ్యురాలి ఇల్లో పొలమో బంధువులు ఆక్రమిస్తే మిగతావాళ్లు గుంపుగా ఆ ఊరికీ, తహసీలు ఆఫీసుకీ, పోలీసు స్టేషనుకీ వెంట వెళ్తారు. మా పిన్నివాళ్లు ‘తోడు’ అనేదానికి అది విశ్వరూపం. ఇలా భట్ అనే ఆవిడ 1972లో అహ్మదాబాదులో స్థాపించిన ‘సేవా’ (SEWA) సంస్థ నుంచి 1994లో మహిళా హౌసింగ్ ట్రస్టు పుట్టింది. పేదల వాడల్లో నీళ్ల కనెక్షనూ మరుగుదొడ్డీ కరెంటూ ఆడవాళ్ల చేతుల మీదుగా వచ్చేలా చేసింది. తాపీ పనిలో ఆడవాళ్లకి శిక్షణ ఇచ్చింది. జార్ఖండ్ పల్లెల్లో మరుగుదొడ్లు కట్టిన ఆడ మేస్త్రుల్ని ‘రాణీ మిస్త్రీ’ అని గౌరవంగా పిలుస్తారు. ఆ మాట మనకీ వస్తే బాగుండును.

మన దగ్గర ఆడవాళ్ల పేరిట ఇళ్లు ఇప్పుడు కొత్త సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 25న మొదలైన ఇళ్ల పట్టాల పంపిణీలో 30 లక్షలకు పైగా పట్టాలు మహిళల పేరిటే అని ప్రభుత్వం ప్రకటించింది. తెలంగాణలో ఇందిరమ్మ ఇల్లూ, దానికిచ్చే 5 లక్షల సాయమూ ఇంటి ఆడమనిషి పేరిటే. ఇది చిన్న మార్పు కాదు. పట్టాతో పాటు పేరు వచ్చింది. కానీ మేస్త్రి మాటలో తప్పు పట్టగలిగే పరిచయాలు, సర్వేయర్ని ధైర్యంగా అడగగలిగే దన్ను పట్టా వెంట రావు. వాటిని ఇటుక ఇటుకగా పేర్చుకోవాల్సిందే. పిన్ని పుస్తకంలో నేను చూసిన విలువ అక్కడుంది.

ఆ కట్టు ఎంత గట్టిదో 2024 సెప్టెంబరు 1న తేలింది. ఆగస్టు 31న మొదలైన వానకి బుడమేరు వాగు గట్లు తెగాయి. ఆదివారం పొద్దున సింగ్‌నగర్ వీధుల్లోకి నీళ్లొచ్చాయి. నీళ్లు గుమ్మం ఎక్కుతున్నాయనగానే పిన్ని మెయిన్ ఆపేసి, మేకు మీంచి పుస్తకం తీసుకుని మేడెక్కింది. ఫ్రిజ్జూ మంచాలూ బియ్యం డబ్బా కిందే ఉండిపోయాయి. కింది గదుల్లో కిటికీల ఎత్తుకి నీళ్లు నిలిచాయి. గండ్లు పూడ్చడం పూర్తయ్యేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. అప్పటికి కూడా పిన్ని వీధిలో నీళ్లు పూర్తిగా దిగలేదు.

నేను హైదరాబాదు నుంచి చేరేసరికి ఇల్లంతా బురద. గోడల మీద నీళ్లు నిలిచిన గీత. పిన్ని ఇంట్లో లేదు. పద్నాలుగు ఇళ్లలో ఎవరూ తమ ఇళ్లలో లేరు. అందరూ పాయకాపురంలో ఎలక్ట్రీషియన్ ఇంట్లో ఉన్నారు. వెళ్లి చూస్తే టీచరు గారు చీర కుచ్చిళ్లు దోపి పారతో బురద ఎత్తుతున్నారు. నర్సు గారు ఆ ఇంటి పిల్లాడి కాలి పుండు కడిగి కట్టు కడుతున్నారు. ఎలక్ట్రీషియన్ భార్య ఏడుస్తూనే గిన్నెలు తోముతోంది. “ముందు మీ ఇళ్లు చూసుకోండి పిన్నిగారూ” అని అతను అంటే, పిన్ని చీపురు ఆపకుండా అంది, “మీ ఇల్లు ఆరితేగాని నువ్వు మా ఇళ్లకి రాలేవు నాయనా. పని ఎక్కడ మొదలెట్టాలో నాకు తెలుసు.” తర్వాత ప్లంబరు ఇల్లు. ఆ తర్వాత మోటారు మెకానిక్ ఇల్లు.

మూడో రోజు నుంచి ఎలక్ట్రీషియన్ ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పట్టుకుని పద్నాలుగు ఇళ్లూ తిరిగాడు. ప్రతి ఇంట్లో మెయిన్ ఆపి, ప్రతి వైరు జతకీ ఇన్సులేషన్ చూశాడు. ముల్లు ఒక మెగాఓమ్‌కి దిగువన ఆగితే ఆ లైను విడదీసి, తడిసిన స్విచ్చిబోర్డు విప్పి ఎండబెట్టాడు. ఒక గదిలో గోడ ఆరడానికి ఐదు రోజులు పట్టింది. ఐదు రోజులూ ఆ గదికి కరెంటు ఇవ్వలేదు. ఎదురింటివాళ్లు లైట్లు వేసుకుంటుంటే ఈ పద్నాలుగు ఇళ్ల ఆడవాళ్లు కొవ్వొత్తులతో ఉండి, అతను సరేనన్నాకే మెయిన్ వేశారు. ఆ ఇళ్లలో ఒక్కరికీ షాకు కొట్టలేదు. తన ఇంట్లో తన మాట కాదని ఇంకొకరి మాట మీద చీకట్లో కూర్చోగలిగేంత నమ్మకం ఒక్క రోజులో రాదు. పాతికేళ్ల స్విచ్చిలూ వాషర్లూ దాని వెనక ఉన్నాయి.

కాగితాల మనుషులు కూడా అప్పుడే కదిలారు. టైలరమ్మ దస్తావేజు నీళ్లలో పేస్టయిపోయింది. డాక్యుమెంటు రైటరు పాత ఈసీ మీది నంబరు చూసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ తెప్పించాడు. కింది అంతస్తు ఇళ్లకి ప్రభుత్వం ప్రకటించిన 25 వేల సాయానికి ఇంటింటి లెక్క రాసేవాళ్లు వచ్చినప్పుడు ఎవరి వివరాలు ఎక్కాయో ఎవరివి ఎక్కలేదో టీచరు గారు పట్టీ రాసిపెట్టారు. ఆ పట్టీలో తమ పద్నాలుగు ఇళ్ల కింద ఎలక్ట్రీషియన్, ప్లంబరు, మెకానిక్ ఇళ్లు కూడా ఉన్నాయి.

అప్పుడు నాకు పుస్తకం పూర్తిగా అర్థమైంది. ఆడవాళ్ల ఇళ్లు ఒక వరస, పనివాళ్ల ఇళ్లు ఇంకో వరస. ఒక వరసలో సందు వచ్చిన చోట రెండో వరస నిండుగా నిలబడింది. పిన్ని తనకి ఆసరా కోసం మొదలుపెట్టింది. కట్టు కుదిరాక ఎవరు ఎవరికి ఆసరాయో విడదీసి చెప్పలేని గోడ అయింది.

నేను వెళ్లిపోయే ముందు రోజు రాత్రి, సాయం లెక్కలోకి ఎక్కని ఇళ్ల తరఫున అర్జీలు రాశాను. పదకొండు రాసేసరికి అర్ధరాత్రి దాటింది. పొద్దున లేచి వరండాలోకి వస్తే పుస్తకం మళ్లీ మేకుకి వేలాడుతోంది. పురికొస మాత్రం కొత్తది. చివరి పేజీ తెరిచి చూశాను. పిన్ని దస్తూరీ. పేరు నాది. పని: అర్జీలు రాస్తుంది. ఎవరు చెప్పారు: నేనే. మొదటి పని: వరద అర్జీలు, 11. డబ్బు: ఇవ్వలేదు. ఎవరు చూశారు: టీచరు గారు, మూడు తప్పులు దిద్దారు.

ఆఖరి గడి ఖాళీగా ఉంది. అది అర్జీల సంగతి తేలాక రాస్తారు.